శీనయ్య అరచేతి కాయలు

"ఒరే చెంచయ్యా, ఆ టీ గ్లాసు పక్కన బెట్టి నా అరచేతులు చూడు. అంకారావన్నా, నువ్వూ చూడు. మీ నాటకానికి బాంగో వాయించే మనిషి కావాలని ఆత్మకూరు నించి ఇంత దూరం వచ్చినావే, ఉదయగిరిలో ఈ శీనయ్య ఉండంగా ఇంకెవుర్ని ఎతకతా ఉండావు? బాంగో అంటే తబలా గాదురా చెంచయ్యా. రెండు బుడ్డ డోళ్ళు జతగట్టి మోకాళ్ళ సందున బెట్టుకునేది, సముద్రాల అవతల నించి వచ్చింది. పోయిన యేడు మద్రాసులో ఒక గోవా మేస్తిరి కాడ నేర్చుకున్నా. అరచేతి మొదలుతో ఒక దెబ్బ, వేళ్ళ కొసల్తో ఒకటి, అంచు మీద చరుపు ఒకటి. ముందు దిండు మీద సాధన చెయ్యమన్నాడు. చేసినా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దిండులో దూది ఏకినట్టు అయిపోయింది. వీధిలోవోళ్ళంతా పరుపులు మోసుకొచ్చి నా ముందర వరసగట్టినారు."

"అబ్బో," అన్నాడు చెంచయ్య. తెరిచిన నోరు మళ్ళీ మూయలేదు.

"ఇంకా విను. తిరిగొస్తా రైలుపెట్టె చెక్క మీద వాయించినా. నేను జోరు పెంచేకొద్దీ రైలూ పెంచింది. గార్డు పరిగెత్తుకొచ్చి, నాయనా వేళ్ళు ఆపు, నెల్లూరు దాటిపోతా ఉండామని నా కాళ్ళు పట్టుకున్నాడు. ఊరికొచ్చి కొండెక్కి కోటగోడ మీద చరిచినా. పడిపోయిన రాళ్ళు లేచి ఒకదాని మీద ఒకటి ఎక్కినాయిరా. ఆ పూట నాకు ఆకలెయ్యకుండా ఉంటే కోట పూర్తయ్యుండు. చెయ్యి తీసినా, అంతా మళ్ళా కూలబడింది."

అంకారావు అతని అరచేతులు పట్టుకుని తడిమి చూశాడు. "కోట సంగతి ఎట్టున్నా కాయలు నిజమే. ఇది బాగా సాధన చేసిన చెయ్యే," అన్నాడు. శీనయ్య ముఖం వెలిగిపోయింది. నాటకం తనకే వచ్చేసిందనుకున్నాడు.

టీ వడగడుతున్న అంగడి కామమ్మ తల ఎత్తకుండానే అంది. "అవి చేంతాటి కాయలు అంకారావన్నా. ఆయన పెళ్ళాం ఎస్తేరమ్మకి నెలలు నిండినాయి. మొగోడు నీళ్ళు తోడితే నవ్వతారని, మేం లేవకముందే బాయి కాడికొచ్చి ఇంటికి సరిపడా తోడుకోని పోతా ఉండాడు. గిలక చప్పుడు మాకు ఇనపడదనుకున్నాడు."

అంకారావు పట్టుకున్న చేతులు వదిలేశాడు. శీనయ్య వాటిని కండువా కింద దాచుకున్నాడు. నాటకం పోయినందుకంటే ఆ నీళ్ళ మాట బయటపడినందుకే సిగ్గుతో చచ్చిపోయాడు.

ఎవరూ నవ్వలేదు. చెంచయ్య శీనయ్య పక్కకు జరిగి మెల్లగా అడిగాడు.

"అన్నా, మా ఇంటిది గూడా వట్టి మనిషి గాదు. ఆ సాధన నాకూ నేర్పు."