నవ్వు కోసం ఆగిన చేతులు

ఈయన చెవిటివాడు కాడు. మీరందరూ కలిసి ఈయన్ని చెవిటివాణ్ణి చేశారు. చేసి, ఈ సాయంత్రం కోటుకి పువ్వు గుచ్చి, ఒళ్లో వెండి వినికిడి గొట్టం పెట్టి, రేపు పొద్దున రైలెక్కించి పంపేస్తున్నారు. ఇది అన్యాయం. ముందు ఈ మాట అనేస్తే తప్ప నాకు మిగతా మాటలు నోట్లోంచి రావు.

(హాల్లో గుసగుసలు.)

ఇక మర్యాదలు. అధ్యక్షులు, స్టూడియో తరఫున న్యూయార్క్ నుంచి శ్రమపడి వచ్చిన హాల్‌స్టెడ్ గారికి వందనాలు. ఈ ఆర్కేడియా థియేటర్ యజమానులకీ, వంటలు చేసిన చర్చి ఆడవాళ్లకీ, బ్యాండు వాళ్లకీ, పైన అటక మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చున్న నా తోటి పనివాళ్లకీ వందనాలు. కార్నీ డెవెనీ గారికి కూడా. రేపు రాత్రి ఇదే హాల్లో ఆయన మొదటి మాట్లాడే సినిమా విడుదల. బఫెలో ఊరంతా గోడల మీద ఆయన మొహమే. నాకు చదువు వచ్చింది కూడా ఈ గోడల మీది పోస్టర్ల వల్లే కాబట్టి, ఆ మొహానికి నేను కొంత రుణపడి ఉన్నాను.

నా పేరు కాస్పర్ డ్రోజ్డ్. ఇక్కడ తెరల తాళ్లు లాగేవాణ్ణి. డెవెనీ కుటుంబం నన్ను తమతో తిప్పుకుంది, స్టూడియోకి కూడా తీసుకెళ్లింది. ఈ సన్మానం ఎవరికి జరుగుతోందో ఆ ఫర్గల్ గారు కార్నీకీ, అతని తోడబుట్టిన డీలియాకీ సొంత మేనమామ, కానీ ఈ థియేటర్లో చీపురు పట్టే మనిషి దగ్గర్నుంచి అందరికీ మావయ్యే. నాకూ మావయ్యే. నేను మాట్లాడకపోతే ఇంకెవరూ మాట్లాడేట్టు లేరు, అందుకే లేచాను.

మావయ్య రేవులో ధాన్యం పార పట్టినవాడు. ఓడల కడుపులోకి దిగి గోధుమలు ఎత్తిపోసేవాళ్ల చేతులెలా ఉంటాయో ఈ ఊరి వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఆయన అక్క హనోరా డెవెనీ మొగుడు పోయాక పిల్లలిద్దర్నీ వెంటేసుకుని, రేవు పక్క సారా కొట్టు వెనక గదిలో, నాలుగు పీపాల మీద పలకలు పరిచి కట్టిన వేదిక మీద ఏడుపు పాటలు పాడేది. ఎంత ఏడుపు పాటలంటే, కూలివాళ్లు గ్లాసులు పట్టుకుని బయటికి పోయేవారట. ఒక రోజు పాట మధ్యలో చిన్న డీలియా వెనక్కి వెనక్కి నడిచి పలక చివర్నుంచి జారిపోయింది. జనం పగలబడి నవ్వారు. అక్కని ఇంటికి తీసుకెళ్దామని వచ్చి వెనకాల చీకట్లో నిలబడ్డ మావయ్య ఆ నవ్వు విని ఏదో జరిగిందని చేతులు చాపాడు. పిల్ల ఆ చేతుల్లో పడింది.

హనోరా పాట ఆపలేదు. దిగి వచ్చాక తమ్ముణ్ణి ఒకటే అడిగింది: "ఒరే ఫర్గల్, మళ్లీ పట్టగలవా?"

"పట్టగలను గానీ, ఎప్పుడు పడుతుందో నాకెలా తెలుస్తుందే అక్కా?"

"జనం నవ్వుతారు కదరా. నవ్వు విను."

అంతే. డెవెనీల కంపెనీ అక్కడ పుట్టింది. కుక్కల ఆటకీ కత్తులు మింగేవాడికీ మధ్యలో ఇరికించిన చిన్న వంతు దగ్గర్నుంచి రకరకాల ఆటలు ఒకే రాత్రి ఆడే పెద్ద పెద్ద వాడెవిల్ స్టేజీల మీద, పేరున్నవాళ్లకే ఇచ్చే ఆఖరి ముందు వంతు దాకా, ఊరూరా రైళ్లలో, బల్లల మీద నిద్రపోతూ, గదిలో దొంగతనంగా స్టవ్ వెలిగించి ఉడికించుకున్న క్యాబేజీ తింటూ, వాళ్లు ఎక్కిన ప్రతి మెట్టూ ఆ రెండు మాటల మీదే ఎక్కారు: మీరు నవ్వుతారు, ఆయన పడతాడు. అంటే, పట్టుకుంటాడు.

(కొద్దిగా నవ్వులు.)

నవ్వండి, ఫరవాలేదు. ఆ మాట ఆయన హాస్యమే. "కాస్పర్, మన కుటుంబంలో అందరూ పడేవాళ్లేరా, నేనొక్కణ్ణే నిలబడేవాణ్ణి," అనేవాడు.

వాళ్ల ఆట తెలియనివాళ్లు ఈ ఊళ్లో లేరు. అయినా హాల్‌స్టెడ్ గారి కోసం చెబుతాను. ఆయన దాన్ని సినిమా తీశారు గానీ, చూసినట్టు లేదు. మేడ మీది వంటగది. మొగుడి వేషంలో కార్నీ తింటూ ఉంటాడు, తల ఎత్తడు. పెళ్లాం వేషంలో డీలియా సూపు గిన్నె పట్టుకునే నిచ్చెనెక్కి కిటికీ తెర సరిచేస్తుంది. నిచ్చెన ఊగుతుంది. కిటికీలోంచి బయటికి ఒరుగుతుంది, మళ్లీ లోపలికి వస్తుంది. మళ్లీ ఒరుగుతుంది, మళ్లీ వస్తుంది. మూడోసారి కిటికీ అంచు మీద అలా ఆగిపోయినప్పుడు కార్నీ తల ఎత్తకుండానే అంటాడు: "పోతే పోయావు గానీ, ఆ ఉప్పు ఇచ్చి పోవే."

హాలు కూలిపోయేది. ఆ నవ్వు ఉప్పొంగేదాకా డీలియా అంచు మీదే ఆగేది. అప్పుడు వెనక్కి పడేది. మరుక్షణం వీధి తలుపు తోసుకుని, చుక్క ఒలకని సూపు గిన్నెతో నడిచి వచ్చేది.

మావయ్య ఆ గోడ వెనక ఉండేవాడు. కిటికీ తెరిచి ఉంటుంది కాబట్టి ఆయన కిందకి ముందే వస్తే జనానికి కనబడిపోతాడు. అందుకని పక్కకి గోడకి అతుక్కుని నిలబడేవాడు. ఆయనకి లోపల ఏం జరుగుతోందో కనబడదు. వినబడేది నవ్వొక్కటే. నవ్వు లేస్తే ఒక అంగ వేసి చేతులు చాపేవాడు.

అందుకే కొత్త ఊరికి వెళ్లిన ప్రతిసారీ, సామాను దించకముందే ఆయన మొదటి ఆటకి పైన గ్యాలరీ చివరి వరసలో కూర్చుని వేరేవాళ్ల ఆటలకి జనం ఎలా నవ్వుతున్నారో వినేవాడు. వచ్చి డీలియాకి చెప్పేవాడు: "అమ్మడూ, ఇది బొగ్గు గనుల ఊరు. వీళ్లు ఆలస్యంగా నవ్వుతారు, కానీ కడుపులోంచి నవ్వుతారు. కాస్త ఎక్కువసేపు ఆగు." ఇంకో ఊళ్లో: "వీళ్లు తొందర మనుషులు. ఉప్పు అనగానే వచ్చెయ్."

హనోరా చనిపోయేదాకా ఆ కంపెనీలో ఒకటే చట్టం. "పడే చోట వెంట్రుకవాసి మార్చినా ముందు పట్టేవాడికి చెప్పాలి. నాకు తరవాత, దేవుడికి ఆ తరవాత," అనేది. కార్నీ, నీకు గుర్తుందా? నీ చెవి మెలిపెట్టి మరీ చెప్పిందట.

("కూర్చోరా కాస్పర్, బంగాళాదుంపలు చల్లారిపోతున్నాయి!" అని కార్నీ డెవెనీ. హాల్లో పెద్ద నవ్వు.)

చూశారా. నోరు తెరిస్తే నవ్వు పుట్టించగలడు. నేను కాదనను. కానీ ఇప్పుడు మీరు కార్నీని చూశారు, నేను మావయ్యని చూశాను. మీరూ చూడండి. బల్ల మీద ఆయన చేతులు చూడండి.

(అందరూ ఫర్గల్ గారి వైపు తిరుగుతారు.)

ఎలా విచ్చుకున్నాయో చూడండి. వెండి గొట్టం ఒళ్లోంచి జారి కింద పడింది, చేతులు మాత్రం చాపి ఉన్నాయి. ఇదీ మీరు చెవిటివాడని ఊరి నుంచి పంపేస్తున్న మనిషి.

గంట కొట్టకండి, హాల్‌స్టెడ్ గారూ. ఇంకా ఉంది.

మొన్న శరదృతువులో మమ్మల్నందర్నీ స్టూడియోకి తీసుకెళ్లారు. పెద్ద గోదాము లాంటి గది, బయటి చప్పుడు రాకుండా గోడలకి పరుపులు. మావయ్య అలవాటు ప్రకారం చుట్టూ తిరిగి చూసి అక్కడి మనిషిని అడిగాడు: "బాబూ, ఇక్కడ జనం ఎక్కడ కూర్చుంటారు?" వాళ్లు ఎంత నవ్వారంటే, తర్వాత నెల రోజులు ఆయన కనబడితే చాలు అదే మాటతో ఆటపట్టించేవారు. ఆ ప్రశ్నకి నిజమైన జవాబు ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు చెప్పి ఉంటే, ఈ రోజు డీలియా ఈ బల్ల దగ్గర కూర్చుని ఉండేది.

రిహార్సల్లో ఏ గొడవా లేదు. లైట్ల వాళ్లూ వడ్రంగులూ చుట్టూ నిలబడి, ఉప్పు మాట రాగానే నవ్వారు. మావయ్య అంగ వేశాడు, పట్టుకున్నాడు. మర్నాడు అసలు షూటింగ్. ఎర్ర దీపం వెలిగింది. మాటలు పట్టే యంత్రం నడుస్తుంటే ఎవరూ దగ్గకూడదు, నవ్వకూడదు. నవ్వితే పని ఊడుతుందని చుట్టూ ఉన్నవాళ్లకి చెప్పారు, గోడ వెనకున్న మావయ్యకి ఎవరూ చెప్పలేదు. నన్ను బయట తలుపు దగ్గర నిలబెట్టారు, లారీలు హారన్ కొట్టకుండా చూడమని. కాబట్టి లోపల జరిగింది నేను చూడలేదు. లోపలున్నవాళ్లు చెప్పిందే నమ్మాను: "వెనక్కి కేక వేశాం, ముసలాయనకి వినపడలేదు." అందరూ అదే నమ్మారు. అందరికంటే గట్టిగా మావయ్య నమ్మాడు.

ఆయన నాతో ఏమన్నాడో చెప్పనా? "ఆ చోట నవ్వు రాకపోవడం అన్నది నా జన్మలో లేదురా. వచ్చే ఉంటుంది. నా చెవే ఆ క్షణానికి దీపంలా ఆరిపోయి ఉంటుంది." ఇన్నేళ్లుగా తప్పని నవ్వు తప్పిందని అనుకోవడం కంటే, తన చెవులు పోయాయనుకోవడం ఆయనకి తేలికైంది. ఆ రోజు నుంచి మీరంతా ఆయనతో అరిచి మాట్లాడారు. ఆయన తల ఊపాడు.

డీలియా నడుము విరిగింది. ఇక నడవదు. ఈ ఊళ్లోనే సన్యాసినుల ఆసుపత్రిలో ఉంది. సిగ్గుతో మావయ్య ఒక్కసారి కూడా ఆ మెట్లెక్కలేదు. పోయిన ఆదివారం నేను వెళ్తే ఆమె అడిగింది: "మావయ్య ఎందుకు రాడు కాస్పర్? ఆగకుండా పడ్డానని కోపమా?"

"ఆగకుండా పడ్డావా?" అన్నాను.

"డైరెక్టర్ ఆగొద్దన్నాడుగా. నవ్వు లేకుండా ఆగితే తెర మీద చచ్చినట్టుంటుంది, మాట అవగానే పడిపో అన్నాడు. దీపం వెలిగే ముందు. మరి మావయ్యకో అన్నాను. నేను చెప్తాలే అని కార్నీ అన్నాడు. చెప్పలేదా?"

(తలలు కార్నీ డెవెనీ వైపు తిరుగుతాయి.)

చెప్పలేదు. మొహానికి పౌడర్ అద్దడానికి పిలిస్తే వెళ్లిపోయాడు. మరిచిపోయి ఉంటాడు, మనిషన్నాక మరిచిపోతాడు, దాన్ని నేను తిట్టను. కానీ తర్వాత? ఆ సాయంత్రం మావయ్య గోడకి ఆనుకుని చెవులు రెండూ అరచేతులతో కొట్టుకుంటుంటే నువ్వక్కడే ఉన్నావు కార్నీ. అప్పుడూ చెప్పలేదు. చెబితే మాట మార్చిన డైరెక్టర్ పేరు బయటికి వస్తుంది, స్టూడియోకి కోపం వస్తుంది, తరవాతి సినిమా పోతుంది. అందుకని మేనమామకి వెండి గొట్టం చేయించావు. నీ పేరు చెక్కించి మరీ.

ఇంకొకటి. యంత్రం నడుస్తూనే ఉంది కదా, ఆ పడిపోవడం సినిమాలో ఉంచారు. నిన్న తెర సరిచూస్తూ మేము చూశాం, విన్నాం కూడా, అందులో ఎవరి కేకా లేదు. డీలియా పడుతుంది, తర్వాత డీలియా దుస్తుల్లో ఎవరో అమ్మాయి సూపు గిన్నెతో తలుపు తోసుకుని వస్తుంది. రేపు రాత్రి ఆ చోట మీరు నవ్వుతారు. ఆ రోజు రావలసిన నవ్వు రేపు వస్తుంది. ఆ గోడ వెనక ఎవరూ ఉండరు.

మావయ్యా. నేను గొంతు పెంచడం లేదు, చూడు. నీ చెవులు బాగానే ఉన్నాయి. ఆ రోజు ఎవ్వరూ నవ్వలేదు.

(ఫర్గల్ గారు లేచి: "అయితే... అసలు నవ్వే రాలేదా?")

రాలేదు మావయ్యా. ఉప్పు మాట అయ్యాక చీమ చిటుక్కుమనలేదు.

("మరి పిల్ల... నవ్వు లేకుండానే వదిలేసిందా? ఎవరు చెప్పారు దానికి?" ఆయన కార్నీ వైపు తిరిగి నిలబడతారు. కార్నీ డెవెనీ తల ఎత్తరు.)

చూడండి, కార్నీ తల ఎత్తడు. ఆటలోనూ ఎత్తడు. అక్కడది హాస్యం.

అధ్యక్షుల వారూ, అయిపోవచ్చింది. ఈ మనిషి ఈ ఊళ్లో ప్రతి నవ్వుకీ కాపలా కాశాడు. మీరు వెల్లకిలా పడి నవ్విన ప్రతి రాత్రీ ఆయన మీకు కనబడకుండా నిలబడ్డాడు. అందుకు ఈ హాలు తరఫున, తాళ్లు లాగేవాళ్ల తరఫున ఆయనకి వంగి దండం పెడుతున్నాను. తిండి పెట్టిన వాళ్లకి కృతజ్ఞతలు. నేను తినలేదు.

ఇప్పుడు కార్నీ, నీకు. రేపు పది గంటలకి మావయ్య రైలు. అది ఎక్కేలోపు నువ్వు స్టేషన్‌కి రావాలి. "నేను చెప్పలేదు మావయ్యా" అని నీ నోటితో, ఆయన మొహం చూసి చెప్పాలి. ఆయన్ని నీ కారులో కూర్చోబెట్టుకుని ఆసుపత్రి మెట్లు ఎక్కించాలి. హాల్‌స్టెడ్ గారూ, అదే పదింటిలోపు ఆ ముక్క సినిమాలోంచి కత్తిరించామని మీరు మా అటక మీదికి కబురు పంపాలి. పంపకపోతే రేపు రాత్రి ఈ తెర లేవదు. తాడు మా చేతుల్లో ఉంది. మీ బెదిరింపులు మాకు కొత్త కాదు, వాటికి మేము సిద్ధంగానే ఉన్నాం.

ఇలాంటి సభల్లో ఆఖర్న సెలవు తీసుకోవాలంటారు. నేను తీసుకోను. పదింటిదాకా ప్లాట్‌ఫారం మీద మావయ్య పెట్టె పట్టుకుని నిలబడి ఉంటాను. నువ్వు వచ్చేదాకా నాకూ సెలవు లేదు, నీకూ లేదు.