పన్నెండు పాఠాల రుమేనియా

చిల్లకూరు, 1962. నా చేతిలో ముప్పై పెట్టెల మైకా ఉంది. కొనబోయే దొర రుమేనియావాడు, రేపు సరుకు చూడటానికి వస్తున్నాడు. ఇంగ్లీషువాళ్ల కోసం రాసిన రుమేనియా వ్యాకరణం ఒకటి మద్రాసులో కొన్నాను. నాకు ఇంగ్లీషు రాదు గనుక చదివి చెప్పడానికి ఓబులేసు అయివారిని పెట్టుకున్నాను.

"మళ్లీ చెప్పు అయ్యోరూ. మనిషిని ఏమంటారు?"

"ఓమ్. మనకు తెలిసిన ఫలానా మనిషైతే ఓముల్, జయరామయ్యన్నా."

"ఆ వెనకాల తోకేందయ్యా?"

"ఇంగ్లీషోళ్లు మాటకి ముందు పెట్టే 'ది' లాంటిదాన్ని వీళ్లు వెనక అతికిస్తారు."

"తోకల భాష! సరే, కుర్చీ?"

"స్కావున్. ఒకటుంటే మగ, రెండుంటే ఆడ."

"ఏందీ?"

"పుస్తకంలో అట్లనే ఉందన్నా. కొన్ని మాటలు ఒకటైతే మగ, ఎక్కువైతే ఆడ."

"నా షెడ్డులో మైకా చీల్చే ముసలమ్మ గూడా ఇంత పిచ్చిమాట మాట్లాడదు. రెండు నెలలు! రెండు నెలలు నా వసారాలో కూర్చుని నువ్వు నేర్పింది ఇదా?"

"పన్నెండు పాఠాలన్నా. మీరు మూడు విన్నారు. మిగతావి నేనే..."

"చదువుకో, చదువుకో. బళ్లోంచి తీసేసినోడివి, నీకింకేం పని? నాకు ఒక్క ముక్క చాలు. పై వరస చూడండి, అడుగు దాకా అక్కర్లేదు. అది వాళ్ల మాటలో రాసియ్యి."

"అడుగున ఏముందన్నా?"

"నీకెందుకు?"

"ఊరికే అడిగినా."

"మచ్చల సరుకు. పైన రెండు వరసలు అద్దంలాంటివి పేర్పించినా. అందరూ చేసేదే."

"దొర అడుగు దాకా తీయమంటే?"

"ఎట్లంటాడు? వాడి మాట ఇక్కడ ఎవుడికి తెలుసు? నేను నవ్వుతా, తలూపుతా, పెట్టెలకి మేకులు కొట్టిస్తా. రాసిచ్చి పో. రేపట్నించి రాబాక."

"రేపు రావాలన్నా."

"జీతానికా? రెండు నెలలదీ సరుకు ఓడెక్కినాక ఇస్తానన్నానా లేదా?"

"జీతానికి కాదు. దొర గూడూరు బంగళాలో దిగినాడు. తన మాట తెలిసినోళ్లు ఎవురన్నా ఉన్నారా అని అడిగినాడంట. పొద్దున పోయి కలిసొచ్చినా."

"కలిసి?"

"ఆయనకి కొంచెం ఇంగ్లీషొచ్చు, నాకు కొంచెం ఆయన మాటొచ్చు. రేపు నేను కూర్చునేది ఆయన పక్కన."

"నువ్వా?"

"నేనే."

"ఓబులేసు గారూ... ఈ రెండు నెలల్లో ఇక్కడ మీ చెవిన పడిందంతా..."

"అదొక్కటే గదన్నా నాకు మిగిలింది."