ఉరిమినప్పుడు తీసిన స్విచ్చు

"చల్లగదిలో ద్రాక్ష చెడిపోతే ఏం చేస్తామే?"

గిడ్డంగి మా అమ్మాయిది. భోజనానికెళ్ళి, వానలో చిక్కుకుని, రెండు గంటల తర్వాత వచ్చింది. అంతసేపూ కాపలా నేనే.

"నీ నోట మంచిమాట రాదా అమ్మా? సాయంత్రం లారీ ఎక్కుతుంది, రేపు ఓడ ఎక్కుతుంది."

"అరవైమంది రైతుల పంట కదే! ఓడవాళ్ళు వద్దంటే?"

"గది చల్లగా ఉంటే ఎందుకంటారు? ఉండుండు, మోటారు చప్పుడేదీ?"

"ఉరిమింది."

"ఉరిమితే?"

"ఇంట్లో టీవీ ప్లగ్గు పీకేస్తాం కదా..."

"అమ్మా! మెయిన్ స్విచ్చు ఆపేశావా?"

"పిడుగు పడి మిషను కాలిపోతుందేమోనని. మళ్ళీ వేద్దామనే అనుకున్నా, ఉరుములు ఆగితేగా!"

గబగబా స్విచ్చు వేసి, తలుపు పక్కనున్న మీటరు చూసింది.

"రెండు డిగ్రీలుండాల్సింది పన్నెండుకొచ్చింది."

"మళ్ళీ చల్లబడుతుందిలే. మనం చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?"

"ఈ మీటరు నీలాంటిది కాదు, కడుపులో ఏదీ దాచుకోదు. కరెంటు పోయినా బ్యాటరీతో నిమిషం నిమిషం గీత గీస్తుంది. రేవులో ముందు అదే చూస్తారు."

"మరి ఏం చేస్తామే?"

చల్లగదిలోకి వెళ్ళింది. ఒక పెట్టె తెరిచి, రెండు పళ్ళు నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలింది.

"బాగానే ఉన్నాయి. ఓడలో ఇరవై రోజులు ఆగవు గానీ, రేపు మన ఊళ్ళో తినడానికి ఆగుతాయి. లారీని మార్కెట్టుకి తిప్పుతా. రైతులకి జరిగింది నేనే ఫోన్ చేసి చెప్తా. నువ్వు మాత్రం ఓ అట్టముక్క మీద పెద్దక్షరాలతో రాసి స్విచ్చు పక్కన అంటించు, ఉరిమినా ఆపకూడదని."