జైలు గుమ్మం దగ్గర బుట్ట

మా తూనిస్ దేశంలో కొత్త రాజ్యాంగం వచ్చిన వారం అది. జైలు గుమ్మం ముందు తిండి బుట్టలతో నిలబడ్డ ఆడవాళ్ల వరసలో నేనూ ఉన్నాను. నా ముందావిడ బుట్టలో కాపలావాడు చెయ్యి పెట్టి కెలుకుతున్నాడు.

“రొట్టెకి ఈ పత్రిక చుట్టావేంటమ్మా?”

“అందులో మన హక్కులన్నీ అచ్చేశారు నాయనా. మా అబ్బాయి తీజానీ చూసుకుంటాడని తెచ్చా. అవి కావాలని గోడ మీద రాసినందుకేగా వాణ్ణి పట్టుకొచ్చారు!”

“పత్రికలు లోపలికి పంపం.”

“పోనీ, నువ్వే చెప్పు వాడికి. మనిషిని ఊరికే కొట్టకూడదని కూడా రాశారట కదా?”

“రాశారు. బాగా రాశారు.”

“అయితే వాణ్ణొక్కసారి చూపించు బాబూ. పోనీ మాసిన బట్టలన్నా ఇవ్వు, ఉతికి తెస్తా. మూడు వారాలైంది, ఒక్క చొక్కా బయటికి రాలేదు.”

“ఇక రావులే. వాణ్ణి మొదటి వారమే పూడ్చిపెట్టాం. రాజ్యాంగం పండగ సంబరాలు అయ్యాక చెప్పమన్నారు.”

“మరి… మూడు శుక్రవారాలూ నా బుట్ట తీసుకున్నావే?”

“నువ్వు ఇచ్చావు, నేను తిన్నా. కూస్‌కూస్‌లో కారం కాస్త ఎక్కువేస్తావు.”

“నాయనా…”

“వెనక జనం ఉన్నారు, జరుగు. బుట్ట ఇక్కడ పెట్టు. పత్రిక నువ్వు పట్టుకుపో.”