తిరిగి అడిగే మనిషి

ఖరగ్‌పూర్, తాల్‌బగీచా. రోగులున్న ఇళ్ళకు మంచాలు, చక్రాల కుర్చీలు ఉచితంగా వాడుకోవడానికిచ్చే ‘ఆసరా’ ట్రస్టును ముప్పై ఏళ్ళు నడిపిన ఈశ్వరరావు ఆ సాయంత్రం దిగిపోతున్నాడు. తన తరవాత ప్రెసిడెంటుగా రాధిక పేరు చెప్పాలని అతని ఆలోచన. రాధిక పిలవకుండానే అతని ఇంటికి వచ్చింది.

"నావల్ల కాదు పెదనాన్నా. సాయంత్రం మీటింగులో నా పేరు చెప్పకండి. ఆ మాట చెప్పిపోదామనే వచ్చినాను."

"ముందు కూకో. సెమటలు కక్కుతన్నావు. ఆ కుర్సీ ఇటు లాక్కో."

"వద్దు. నిలబడతాను."

"ఏటి నీవల్ల కాదు? మీ ఇంట్లో మొదట డిగ్రీ సదివినదానివి. బెంగాలీలో అర్జీ రాస్తావు, డాక్టరుతో ఇంగ్లీషు మాటాడతావు. నాను ఫిట్టర్ని. స్పేనరు పట్టుకున్న సేతుల్తోనే ఇన్నేళ్ళు లాగినాను."

"రాయడం, మాట్లాడటం వేరు. చక్రధర్ గారున్నారు కదా. ఆయనకి ఆశ కూడా ఉంది."

"సక్రదర్రావు మంచోడే. మిఠాయి కొట్టు, పెద్ద సెయ్యి. ఇస్తాడు. ఇచ్చి ఫొటో దిగుతాడు. తిరిగి అడగమంటే మాత్రం, పోనీ బాబాయ్, కొత్తది కొందాం అంటాడు."

"కొంటే తప్పేటి?"

"కొత్తది వచ్చీదాకా రోగి ఆగొద్దా? మనకున్నవి అయిదే మంచాలు. న్యూ సెటిల్‌మెంట్ కాలనీలో సిరిల్ సంగతి తెల్దా నీకు? రంగులేస్తా నిచ్చెన మీంచి పడినాడు. నడుం ఇరిగింది. తల వైపు ఎత్తే మంచం..."

"తెలుసు. నిన్న చూసి వచ్చినాను. ఇంకా నేల మీదే ఉన్నాడు. భార్య మీనాకుమారి ఒక్కర్తీ ఆ మనిషిని అటూ ఇటూ తిప్పుతోంది. వీపున పుండు పడింది."

"పడిందా."

"నిన్నటికి రూపాయి బిళ్ళంత."

"మరేటి. అందుకే నువ్వు కావాల."

"నాకు అడగడం రాదు పెదనాన్నా. ఏ ఇంటి గుమ్మం ఎక్కి ఏం చెప్పను? మీ మనిషి పోయారు, మా మంచం ఇచ్చేయండి, అనా?"

"అలాగే. పదమూడో రోజు ఎల్లి అలాగే అడగాల. ఇచ్చీవోడు ఊరంతా దొరుకుతాడమ్మా. తిరిగి అడిగీవోడే దొరకడు."

"మా నాన్న పోయినప్పుడు మీరు అలాగే వచ్చినారు. చక్రాల కుర్చీ మడతపెట్టి, సైకిలు వెనక తాడుతో కట్టుకుని వెళ్ళిపోయినారు. అమ్మ తలుపేసుకుని ఏడ్చింది."

"నీకు కోపమొచ్చినాది."

"రెండేళ్ళు మిమ్మల్ని చూస్తే పక్క సందులోకి తిరిగిపోయేదాన్ని."

"సూసినాను. ఆ కుర్సీ మర్నాడే ఎవుళికెల్లిందో..."

"తర్వాత తెలిసింది. తెలిశాకే కదా వచ్చి మీతో పని చేస్తానన్నాను."

"అదీ. ప్రెసిడెంటంటే ఆ కోపం మొయ్యీవోడు. దండలు మొయ్యీవోడు కాదు."

"సరే, మోస్తాననే అనుకోండి. మంచమేది? నాలుగింటి మీదా రోగులున్నారు. అయిదోది?"

"ఉన్నాదిలే, ఒక ఇంట్లో."

"ఆ ఇంట్లో రోగి ఉన్నారా?"

"లేదు. పోయింది."

"ఎప్పుడు?"

"టీ తాగుతావేటి? ఫ్లాస్కులో ఉంది."

"ఎప్పుడు, పెదనాన్నా?"

"ఏడు నెల్లయినాది."

"పదమూడో రోజు దాటితే మీరు ఊరుకోరే."

"ఊరుకున్నాను."

"ఎందుకు?"

"ఆవిడ మొగుడు దాని మీదే పడుకుంటన్నాడు. ఇంకెక్కడా నిద్దర పట్టదంట. ఆవిడకి ఆయాసం వొస్తాదని హేండిలు తిప్పి తల వైపు ఎంతెత్తు పెట్టినాడో, ఇప్పటికీ అంతెత్తే ఉంది. మెడ లాగీస్తాది. అయినా దించడు."

"మీరు అడగలేదా ఆయన్ని?"

"రోజూ అడుగుతన్నాను. రేపిస్తానంటాడు."

"రోజూ రేపేనా?"

"రోజూ రేపే. ముప్పై ఏళ్ళలో ఎవుళిచేతా ఆ మాట అనిపించుకోలేదు నాను. ఇంక అడగలేను, రాధికా. అందుకే దిగిపోతన్నాను. నువ్వు ప్రెసిడెంటు హోదాలో అడిగితే ఆడికి ఇవ్వక తప్పదు. ఊఁ అను. సాయంత్రం సంతకాలయిపోతాయి. రేపే ఎల్దువుగాని."

"రేపా? పుండు ఆగదు."

"మరేటి సేద్దాం?"

"నా పేరు చెప్పొద్దనడానికి రాలేదు నేను. అడగడానికి నోరు రాక, పొద్దున్నుంచి ఈ వీధిలోనే నాలుగుసార్లు తిరిగినాను. లేవండి పెదనాన్నా. పెద్దమ్మ మంచం తీసుకెళ్తాను."