మాసమ్మ పౌడరు డబ్బా

సభాధ్యక్షులు పాస్టర్ కృపానందం గారికి, పదకొండేళ్ల కిందట నన్ను ఈ పనిలోకి లాగిన డాక్టర్ కమలాకుమారికి, మన వైద్య సేవా బృందానికి, రేగడిపల్లి నుంచి రెండు బస్సులు మారి వచ్చినవాళ్లకు, అశోక్‌నగర్ నుంచి నా మీద ప్రేమతోనో, నేనేం మాట్లాడతానో అన్న భయంతోనో వచ్చిన మా ఇంటివాళ్లకు నమస్కారం.

పాస్టర్ గారూ, ఆ శాలువా కుర్చీ మీదే ఉండనివ్వండి. సన్మానం అయ్యాక మాట్లాడటం ఆనవాయితీ. ఇవాళ నేను ముందు మాట్లాడతాను. తర్వాత కప్పించుకోవడమో మానడమో మీ జవాబును బట్టి ఉంటుంది.

నారాయణగూడలో ముప్పై ఒక్క ఏళ్లు ఆడపిల్లలకు కెమిస్ట్రీ చెప్పాను. కమలాకుమారి నా శిష్యురాలే. రెండు బ్యూరెట్లు పగలగొట్టింది, ఒకటి ఇప్పటికీ ఒప్పుకోదు. (నవ్వులు) నేను రిటైరయ్యాక ఒకరోజు చిక్కడపల్లి మార్కెట్లో కనిపించి, నెలనెలా రెండో శనివారం చర్చి తరఫున వికారాబాద్ అవతల రేగడిపల్లికి వెళ్లి మందులిస్తామనీ, రిజిస్టరు రాసే మనిషి లేదనీ చెప్పింది. నేను మీ చర్చి మనిషిని కాదు కదా అన్నాను. "రిజిస్టరుకు బాప్తిస్మం అక్కర్లేదు మేడమ్" అంది. సరే, ప్రార్థన మీది, రిజిస్టరు నాది అనుకున్నాం.

నా పద్ధతులు మీకు తెలుసు. వ్యాను చిక్కడపల్లి చౌరస్తాలో అయిదూ నలభై అయిదుకు బయలుదేరాలి. ఒకసారి మా డ్రైవరు బాలకిషన్ "అమ్మా, పాస్టర్ సాబ్ ఇంక రాలే, అంబర్‌పేట్ల ఉన్నడంట, జర ఆగుదామా" అన్నాడు. టైమయింది, పోనీ అన్నాను. పాపం, ఆయన బస్సులో వచ్చి, ఆ రోజు ప్రార్థనలో నా పేరు రెండుసార్లు తలచుకున్నారు. (నవ్వులు)

ఇక మందుల పద్ధతి. బీపీ వాళ్లకు నెలకు ముప్పై మాత్రలిచ్చేవాళ్లం. కొందరు ఇంట్లో పంచుకుంటున్నారనీ, కొందరు పారేస్తున్నారనీ అనుమానం వచ్చి నేనొక నియమం పెట్టాను. వాడిన స్ట్రిప్పులు తెచ్చి చూపిస్తేనే కొత్త మాత్రలు. తేనివాళ్లను అందరి ముందూ మందలించేదాన్ని. రెండు నెలల్లో ఊరంతా దారికొచ్చింది. ఒక్క స్ట్రిప్పు తేడా లేదు. ఆ రిజిస్టరు చూసుకుని ఎంత మురిసిపోయానో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

మాసమ్మ అని కూలికి పోయే మనిషి. అయిదు నెలలు వరసగా మూడేసి ఖాళీ స్ట్రిప్పులు శుభ్రంగా తుడిచి తెచ్చింది. బీపీ మాత్రం దిగదు. మందు సరిగ్గా వేసుకుంటోందా మేడమ్ అని కమల రెండుసార్లు అడిగింది. రిజిస్టరులో తేడా లేదు అని రెండుసార్లూ నేనే చెప్పాను. మాసమ్మను మాత్రం అడగలేదు.

ఆరో నెల ఆమె రాలేదు. నాకు మొదట కోపం వచ్చింది. పక్కింటి కురుమమ్మ వచ్చి, "మాసమ్మకు పక్షవాతం వచ్చింది, కుడిచెయ్యి పడిపోయింది" అని చెప్పింది. వెళ్లాం. మంచం మీద ఉంది. మమ్మల్ని చూడగానే ఎడమచేత్తో మంచం కింద వెతికి పౌడరు డబ్బా ఒకటి తీసింది. నిండా మాత్రలు. నూట ముప్పై ఒకటి. నూట యాభైలో ఆమె మింగినవి పంతొమ్మిది.

ఎందుకిలా చేశావు అని అడిగాను. "గోళీ ఏస్కుంటే కండ్లు తిరుగుతున్నయమ్మా. కండ్లు తిరిగితే కూలికెట్ల పోవాలె? ఏస్కోలేదంటే నువ్వు కొట్లాడ్తవ్. గందుకే వొలిచి, ఖాళీవి నీకు తెచ్చి చూపించిన."

మరి పారేయక దాచావెందుకు అన్నాను.

"మందు గదా తల్లీ. ఎట్ల పారేస్త?"

(ముందు వరసలోంచి ఒకమ్మాయి మంచినీళ్ల గ్లాసుతో లేచింది)

మంచినీళ్లు అక్కర్లేదు, కూర్చోమ్మా.

మరుసటి నెల రిజిస్టరు బల్ల పక్కన ఒక బెంచీ వేయించాను. వచ్చినవాళ్లు దాని మీద కూర్చోవాలి, మాత్ర పడుతోందా, వేసుకుంటే ఎలా ఉంటోంది అని నేను అడగాలి, చెప్పినంతసేపూ వినాలి, ఆ తర్వాతే పెన్ను తీయాలి. అలా అడిగితే మొదటి శనివారమే పదకొండుమంది మాత్రలు దాస్తున్నట్టు బయటపడ్డారు. కమల మందు మార్చింది. అప్పటి నుంచి వ్యానులో ప్రార్థన జరిగేటప్పుడు నేనూ కళ్లు మూసుకుని మాసమ్మ పేరు చెప్పుకుంటున్నాను. ఒప్పందం తప్పినట్టే, పాస్టర్ గారు మన్నించాలి.

ఇప్పుడు అసలు సంగతి. మోకాళ్లు మొరాయిస్తున్నాయి కాబట్టి నేను విరమిస్తున్నాను. నేను వెళ్లిపోతున్నాను కాబట్టి ఇకమీదట మూడు నెలలకొకసారి వెళ్లి తొంభై మాత్రలు ఒకేసారి ఇచ్చి వద్దామని కమిటీ సోమవారం తీర్మానించింది. నా పేరు చెప్పి ఆ బెంచీ ఎత్తేయడానికి నేను ఒప్పుకోను. తొంభై మాత్రలకు తొమ్మిది ఖాళీ స్ట్రిప్పులు వస్తాయి, రిజిస్టరు నా రిజిస్టరంత అందంగా ఉంటుంది, ఈ మధ్యలో ఎవరి చెయ్యి పడిపోయిందో మూడు నెలలదాకా మనకు తెలియదు.

డాక్టర్లు దొరకడం లేదన్నారు. విద్యానగర్ డాక్టర్ రాజీవ్ ఏడాదికి ఆరు శనివారాలు ఇస్తానన్నాడు, మిగతా ఆరూ కమలవి. రిజిస్టరుకు మనిషి లేదన్నారు. ముషీరాబాద్ ఉదయశ్రీ మూడు నెలలుగా నా పక్కన ఆ బెంచీ మీదే కూర్చుని నేర్చుకుంది. బాలకిషన్ని అడిగాను, "నువ్వు లేకుంటే జర నిద్రవోవచ్చనుకున్న, మళ్ల తెల్లారంగనేనా" అని, వస్తానన్నాడు. (నవ్వులు) ఇంక ఏం కావాలో చెప్పండి.

పాస్టర్ గారు తల ఊపుతున్నారు. అది నాకు చాలదు. మైకు తీసుకోండి.

(పాస్టర్ కృపానందం: "వచ్చే రెండో శనివారం వ్యాను వెళ్తుంది మేడమ్. ఆపై ప్రతి రెండో శనివారం కూడా. ఈసారి నేను టైముకే వస్తాను." చప్పట్లు)

ఉదయశ్రీ, ఇలా రా. రిజిస్టరు ఆఫీసులో ఉంది, తర్వాత తీసుకో. ముందు ఈ డబ్బా తీసుకో. ఆ మాత్రలు మేం తీసేశాం, ఖాళీ డబ్బా మాసమ్మే నాకిచ్చింది. బల్ల మీద నీకు కనబడేలా పెట్టుకో. లెక్క సరిపోయిన రోజున దాన్నొకసారి చూడు.

ఇప్పుడు కప్పండి శాలువా.

నన్ను ఇన్నేళ్లు భరించిన మీకు, నా కేకలు పడిన రేగడిపల్లికి కృతజ్ఞతలు. మూడో వరసలో కూర్చున్న మాసమ్మనొక్క మాట అడిగి దిగిపోతాను. ఏమ్మా, ఇవాళ మాత్ర వేసుకున్నావా?

("ఏస్కున్న తల్లీ. ఖాళీది మాత్రం తేలే.")

తేనక్కర్లేదు. నువ్వు చెప్పావు, నేను విన్నాను.

సెలవు.