మీ తమ్ముడికి బయం పోయింది

హలో… ఆ, నేనే వదినా, చిలకమ్మని. ఫోనొచ్చిందని పక్కింటి బర్మా ఆవిడ దా ఖిన్ గారు కేకేస్తే, చేతిలో అట్లకాడతోటే పరిగెత్తుకొచ్చాను.

… ఏటా? గారెలు! అమ్మోరి మొక్కు తీరుస్తన్నాను. మీ తమ్ముడికి నయమైపోయింది!

… అవునొదినా, నయమే. కొట్టు సర్కారోళ్ళు లాక్కుని, బోర్డు మీద మన పేరు చెరిపి నంబరేసిన కాడ్నుంచీ ఎలాగుండేవాడో నువ్వూ చూసినావు కదా. వీధిలో జీపాగితే చాలు, మంచం కిందకి దూరీవోడు. గుండె దడ, ఒళ్ళంతా చెమట… ఆ, డాక్టరు టానిక్కు రాసినాడు. ఆయన ముట్టలేదు. పారబొయ్యడమెందుకని నేను తాగి ఒళ్ళు చేసినాను.

… మొన్న మంగళారం నుంచి. పొద్దున్నే గెడ్డం గీసుకుని, చల్లగా నవ్వాడు. "చిలకా, ఇంక నాకు బయం లేదే" అన్నాడు. నిన్న సిపాయిలు తనిఖీకొస్తే గుమ్మంలో కాలు మీద కాలేసుకు కూకున్నాడు, లేవనైనా లేదు! వీధంతా ముక్కున వేలేసుకుంది. "రంగూన్లో బయం లేని మగాడు మన లింగరాజొక్కడే" అన్నాడు ఎదురింటి యర్రయ్య. ఊరంతా వణికిపోతంటే వణకనోడికి జబ్బేటి వదినా?

… తిండా? తిండి… తినడం లేదు. వైరాగ్యం తల్లీ, అదృష్టవంతురాలివి అన్నాడు పూజారి.

… ఓ, మాట్లాడతన్నాడు, ఎంత ప్రేమగానో! పెళ్ళైన ఇన్నేళ్ళకి నా వంట బాగుందన్నాడు, నోట పెట్టకుండానే. మీ నాయన, మా మావ నాటి కొట్టు తక్కెడ యర్రయ్యకిచ్చేసినాడు. పట్టు కండువా మన కొట్లో పనిచేసిన గోపాలానికి. పిల్లికి బిచ్చం పెట్టనోడు, గుణమే మారిపోయిందనుకో.

… నాకా? నాకు బస్సు నేర్పినాడు. తామ్వేలో మీ ఇంటికి ఎక్కడ దిగాలో అప్పజెప్పించుకున్నాడు. "ఒక్కదానివే ఎల్లగలవు కదే" అని…

హలో? వదినా? లైనుందా?

… ఏడుస్తన్నావేటి?

… మావా? మావ రేవులో చెక్క మీంచి జారిపడ్డాడనే కదా నాకు చెప్పినారు.

… ఆయనకీ అలాగే… బయం పోయిందా? నవ్వుతానే ఉన్నాడా?

…

మరి నాకెందుకు చెప్పలేదొదినా!

… పరువా? పరువుకోసం దాచినారా!

… ఇంట్లోనే ఉన్నాడు. గుమ్మంలో నిలబడ్డాడు, ఇక్కడికి కనబడతన్నాడు. చొక్కా తొడుక్కున్నాడు. గారెలు అయ్యేలోపు రేవు దాకా ఎల్లొస్తానని…

ఇదిగో! ఏవయ్యా! అటు కాదు, ఇలా రా! మీ అక్క మాట్లాడతాదట!

… చూసినాడు. వస్తన్నాడు వదినా. మెల్లగా వస్తన్నాడు.

… నేను అడగాలా? ఆ మాటా? వద్దొదినా, తథాస్తు దేవతలుంటారు. లేని ఆలోచన మనమే నెత్తికెక్కించినట్టు…

… అడగబట్టి ఎవరూ చావరా? మావని ఒక్కరూ అడగలేదా?

… సరే. ఏడవకు. అడుగుతాను.

ఏవయ్యా… ఇలా నా మొకం చూడు. నన్నొగ్గేసి చచ్చిపోదామనుకున్నావా?

…

… నవ్వుతన్నాడు… కాదు. ఏడుస్తన్నాడు. వదినా, చంటోడిలాగ ఏడుస్తన్నాడు! కొట్టు పోయినప్పుడు కూడా ఏడవలేదే ఈయన. నేల మీద కూలబడిపోయినాడు.

… ఇది మంచిదా? నిజంగానా? నాకేటీ తెలీదొదినా, నవ్వితే నయమనుకున్నాను…

… ఏటయ్యా? గట్టిగా చెప్పు… బయమేస్తందంటన్నాడు వదినా. వెయ్యనియ్యి! నాకూ వేస్తంది, ఇద్దరం బయపడదాం!

… ఆ, ఒదల్ను. పట్టుకునే ఉన్నాను. నువ్వు బయల్దేరు. రేపు ముగ్గురం పెద్దాసుపత్రికి ఎల్దాం. టానిక్కిచ్చినోడి దగ్గరకి కాదు. పిచ్చని రాసినా సరే, వీధిలో నవ్వినా సరే.

… ఫోనా? ఎలా పెట్టను? రెండు చేతులూ ఆయన్నే పట్టుకునున్నాయి, ఫోను మెడకీ భుజానికీ మధ్య నొక్కుకుని మాట్లాడతన్నాను. దా ఖిన్ గారికి తెలుగు ముక్క రాదు, ఆవిడా ఏడుస్తంది… ఆ, ఆవిడే ఫోను తీసి పెట్టేస్తన్నాదొదినా, ఉంటా—